హైవే బండి, సిటీ బండి: ఏది ఎంత అరుగుతుంది?

సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి వెళ్తే రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. రీడింగ్ ఎక్కువగా ఉన్న బండి దగ్గర "అన్నీ హైవే కిలోమీటర్లేనండీ, ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు" అంటారు. రీడింగ్ తక్కువగా ఉన్న బండి దగ్గర "ఎన్నారై వాళ్ల బండి సార్, పెద్దాయన గుడికీ బజారుకీ తప్ప తీయరు" అంటారు. మొదటిది మీటరును పట్టించుకోవద్దంటుంది, రెండోది మీటరునే చూడమంటుంది. ఈ రెండు మాటలూ ఒకే కన్సల్టెన్సీలో, ఒకే మనిషి నోటి నుంచి వినపడుతుంటాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు పోసి కొనేవాళ్లకు వీటిలో దేనికి ఎంత బలముందో తెలియాలి. తెలుసుకునే దారి కూడా ఉంది. ఇంజిన్ ఎందుకు అరుగుతుంది, ఎప్పుడు అరుగుతుంది అన్నది ఇంజనీర్లు వందేళ్లుగా తవ్వి చూస్తున్న విషయమే.

నా లెక్కలో ఈ చర్చంతా మూడు అంకెల చుట్టూ తిరగాలి. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచింది? చల్లగా ఉండగా ఎన్నిసార్లు స్టార్ట్ అయింది? బండి ఎన్నిసార్లు ఆగి మళ్లీ కదిలింది? మీటరు మీద ఈ మూడింటిలో ఒక్కటీ కనపడదు.

ముందు గంటల సంగతి. శంషాబాద్ వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలికి వచ్చే కారు సగటున గంటకు 70 కిలోమీటర్లు పోతుందనుకుందాం. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు వేళల్లో వచ్చే కారు సగటున 20 పోతుందనుకుందాం. రెండింటి మీటర్లూ 60,000 చూపిస్తున్నాయి. మొదటి కారు ఇంజిన్ సుమారు 860 గంటలు నడిచింది, రెండోది 3,000 గంటలు. ట్రాక్టరు కొనే రైతు, జేసీబీ కొనే కాంట్రాక్టరు కిలోమీటర్లు అడగరు, గంటల మీటరు చూస్తారు. కారు కొనేవాళ్లకు మాత్రం ఆ అలవాటు రాలేదు, ఎందుకంటే చాలా కార్లలో ఆ అంకె కంటికి కనపడేలా పెట్టలేదు.

అయితే గంటల తేడా మూడున్నర రెట్లు ఉందని అరుగుదల కూడా అంతే ఉంటుందనుకోకూడదు. ట్రాఫిక్‌లో ఇంజిన్ చాలాసేపు ఐడిలింగ్‌లో మెల్లగా తిరుగుతుంది. హైవే మీద నిమిషానికి 2,200 చుట్లు, ట్రాఫిక్‌లో సగటున 1,300 చుట్లు అనుకుంటే, మొదటి ఇంజిన్ మొత్తం 11 కోట్ల చుట్లు, రెండోది 23 కోట్ల చుట్లు తిరిగినట్టు. అంటే రెట్టింపు. ఇవి నేను లెక్క కోసం తీసుకున్న వేగాలు. ఎవరి దారిని బట్టి వాళ్లు మార్చుకోవచ్చు, కానీ ఫలితం పెద్దగా మారదు. ఒకే రీడింగ్ ఉన్న రెండు కార్లలో సిటీ కారు ఇంజిన్ దాదాపు రెండింతల పని చేసి ఉంటుంది.

మరి ప్రతి చుట్టుకీ ఇనుము అరుగుతుందా? అరగదు. ఇక్కడే విషయం ఆసక్తికరంగా మారుతుంది. జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో బేరింగుల రాపిడి మీద ప్రచురించిన పరిశోధన ఈ రంగానికి పునాది. వేగం, నూనె చిక్కదనం సరిపడా ఉన్నప్పుడు రెండు లోహాల మధ్య నూనె పొర ఏర్పడుతుంది. క్రాంక్ షాఫ్ట్ ఆ పొర మీద తేలుతూ తిరుగుతుంది, లోహం లోహాన్ని తాకదు. వేగం బాగా తగ్గినప్పుడు, స్టార్ట్ అయిన తొలి క్షణాల్లో, పిస్టన్ పైకి వెళ్లి దిశ మార్చుకునే చోట ఆ పొర పలచబడి లోహాలు ఒరుసుకుంటాయి. క్యామ్‌లకు ఐడిలింగ్ కష్టకాలమే. ఆ క్షణాల కోసమే ఇంజిన్ ఆయిల్‌లో జింక్, ఫాస్ఫరస్ కలిసిన రసాయనం వేస్తారు. వేడి, ఒత్తిడి తగిలితేనే అది లోహం మీద రక్షణ పూతగా మారుతుంది. చల్లటి ఇంజిన్‌లో ఆ పూత సరిగ్గా కట్టదు.

చలి అన్న మాట వినగానే మనకు సంబంధం లేదనిపిస్తుంది. మే నెలలో విజయవాడలో ఏ ఇంజిన్ చల్లగా ఉంటుంది? కానీ ఇంజిన్ లెక్కలో 40 డిగ్రీలు కూడా చల్లదనమే. అది పనిచేయాల్సింది 90 డిగ్రీల దగ్గర. 1930ల్లోనే బ్రిటన్‌లో సి.జి. విలియమ్స్ అనే పరిశోధకుడు సిలిండరు గోడల అరుగుదల మీద పరీక్షలు చేసి, గోడలు తగినంత వేడెక్కకపోతే అరుగుదల ఒక్కసారిగా పెరుగుతోందని, దానికి పెద్ద కారణం రాపిడి కంటే తుప్పేనని చూపించాడు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజిన్ వేడిగా ఉంటే అది సైలెన్సర్ గుండా పోతుంది. చల్లగా ఉంటే కొంత గోడల మీద చెమ్మగా పట్టి, మండగా వచ్చిన వాయువులతో కలిసి ఆమ్లమై, నూనెలోకి దిగుతుంది. పూర్తిగా మండని పెట్రోలు కూడా అదే దారిన దిగి నూనెను పలచబరుస్తుంది.

విలియమ్స్ కాలానికీ ఇప్పటికీ తేడా చాలా ఉంది. అప్పటి ఇంధనంలో గంధకం ఎక్కువ. మన దగ్గర బీఎస్-4 ఇంధనంలో గంధకం పరిమితి పది లక్షల భాగాలకు 50 ఉంటే, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6లో అది 10కి తగ్గింది. నూనెలూ మెరుగయ్యాయి. కాబట్టి తుప్పు పదును మొద్దుబారింది. నీరు, ఇంధనం నూనెలో కలవడం మాత్రం ఆగలేదు, ఎందుకంటే అది రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగిపోయే ప్రయాణం స్వభావం. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిందంటే కూలెంట్ వేడెక్కిందని మాత్రమే అర్థం. నూనె వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అది బాగా వేడెక్కి కొంతసేపు అలాగే ఉంటేనే లోపలి చెమ్మ ఆవిరైపోతుంది.

ఇక్కడ సిటీ ప్రయాణాన్ని రెండుగా విడదీయాలి. చాలామంది చేసే పొరపాటు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం. ఒకటి, గంటసేపు ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి సాగే ప్రయాణం. రెండు, ఐదు నిమిషాల్లో ముగిసే ప్రయాణం. ఇంజిన్‌కు ఇవి పూర్తిగా వేరు. దీనికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం న్యూయార్క్ ట్యాక్సీలు. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 1996లో 75 ట్యాక్సీలకు కొత్తగా కట్టిన ఇంజిన్లు పెట్టి, రకరకాల బ్రాండ్ల నూనెలు పోసి, 60,000 మైళ్లు, అంటే సుమారు 96,000 కిలోమీటర్లు నడిపించింది. తర్వాత ఇంజిన్లు విప్పి భాగాలు కొలిచింది. 3,000 మైళ్లకు ఆయిల్ మార్చినవాటికీ, 6,000 మైళ్లకు మార్చినవాటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. లోకంలోని అతి రద్దీ రోడ్లలో, సిగ్నలు సిగ్నలుకీ ఆగుతూ తిరిగిన బండ్ల సంగతి ఇది. ట్యాక్సీ ఇంజిన్ దాదాపు రోజంతా వేడిగా ఉంటుంది. అది చల్లబడే అవకాశమే తక్కువ. కాబట్టి ట్రాఫిక్ ఒక్కటే ఇంజిన్‌ను తినేస్తుందన్న మాట నిలబడదు.

ఇప్పుడు ఆ ఎన్నారై కారు దగ్గరికి వద్దాం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇలాంటి కార్లు వీధికొకటి కనపడతాయి. పిల్లలు డాలస్‌లో ఉంటారు, సెలవులకు వచ్చినప్పుడు తిరగడానికి కారు కొని పెడతారు. మిగతా ఏడాదంతా తండ్రి వారానికోసారి తీసి గుడికి, బ్యాంకుకి వెళ్లి వస్తారు. ఆరేళ్లకు రీడింగ్ 14,000. కొనేవాళ్లు ఎగబడతారు, అమ్మేవాళ్లు దానికి ప్రీమియం అడుగుతారు. నాకు మాత్రం ఈ కారే ఎక్కువ అనుమానం కలిగిస్తుంది. అది చేసిన ప్రయాణాల్లో ఎక్కువ భాగం ఇంజిన్ వేడెక్కకముందే ముగిశాయి. "ఇంకా పదివేలు తిరగలేదు కదా" అని ఆయిల్ మార్పు రెండేళ్లు వాయిదా పడింది. కంపెనీ పుస్తకంలో పదివేల కిలోమీటర్ల పక్కనే "లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని రాసి ఉంటుంది. ఆ రెండో సగాన్ని ఎవరూ చదవరు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, అది కూడా కాలాన్ని బట్టే పాడవుతుంది. బ్యాటరీకి సరిగ్గా చార్జింగ్ ఎక్కదు. టైర్లకు గీతలు కొత్తవాటిలా ఉంటాయి గాని, ఒకేచోట ఎండలో నిలబడి రబ్బరు గట్టిపడి పక్కలు బీటలు తీస్తాయి. విశాఖ లాంటి సముద్రతీర ఊళ్లలో డిస్కుల మీద తుప్పు అదనం.

చాలా కంపెనీలు తమ పుస్తకాల్లో "కఠిన వినియోగం" అని వేరే పట్టిక ఇస్తాయి. మళ్లీ మళ్లీ చేసే చిన్న ప్రయాణాలు, ఎక్కువసేపు ఐడిలింగ్, దుమ్ము, విపరీతమైన వాతావరణం అందులో ఉంటాయి. అలాంటి బండికి ఆయిల్, ఫిల్టర్లు తొందరగా మార్చమంటారు. మన ఊళ్లలో నడిచే కార్లలో చాలావాటికి ఆ పట్టికే వర్తిస్తుంది. సర్వీసు మాత్రం మామూలు పట్టిక ప్రకారం జరుగుతుంది, అది కూడా జరిగితే.

హైవే పక్షాన తరచూ చెప్పే ఉదాహరణ అమెరికాకు చెందిన ఇర్వ్ గోర్డన్‌ది. ఆయన 1966లో కొన్న వోల్వో పీ1800 కారును 2013 నాటికి 30 లక్షల మైళ్లు దాటించి గిన్నిస్ రికార్డులో నిలిచాడు. మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లు. ఉద్యోగానికి రానూపోనూ రోజుకు 125 మైళ్లు పోయేవాడు. దీన్ని హైవే మహిమగా చెప్పుకోవడం సగం నిజమే. ఆయన ఆయిల్ మార్పు ఏనాడూ తప్పించని మనిషి. ఇంజిన్‌ను కూడా 6,80,000 మైళ్ల దగ్గర విప్పి కట్టించాడు. మన హైవేల మీద మూడు నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవా ట్యాక్సీలను చూసినా అదే తెలుస్తుంది. బతికి ఉన్నవాటి వెనక దూరప్రయాణంతోపాటు వేళకు సర్వీసు చేయించిన యజమాని ఉంటాడు.

ఇంజిన్ సంగతి ఇంతటితో వదిలి, ట్రాఫిక్ నిజంగా తినేసే భాగాలకు వద్దాం. మొదటిది క్లచ్. ఐదో గేర్‌లో పోతున్న బండికి క్లచ్ ప్లేటు గట్టిగా పట్టుకుని ఉంటుంది, దానికి అరుగుదల లేదు. నిలబడ్డ బండి కదిలే ప్రతిసారీ ప్లేటు జారాలి, జారితే వేడి పుడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కే చోట బ్రేకు వాడకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు ఉన్న డ్రైవరు చేతిలో ప్లేట్లు 30,000 కిలోమీటర్లకే పోవచ్చు. హైవే మీద నెమ్మదైన చేతిలో లక్ష దాటినా ఉండవచ్చు. ఇంతటి వ్యత్యాసం బండిలో మరే భాగానికీ ఉండదు. 2014లో సెలెరియోతో మన దగ్గరికి వచ్చిన ఏఎంటీ గేరుబాక్సుల్లోనూ లోపల ఉన్నది మామూలు క్లచ్చే. కాలు బదులు మోటారు నొక్కుతుంది, అంతే. డ్యూయల్ క్లచ్ గేరుబాక్సులు ఇంకా సున్నితం. ఫోక్స్‌వ్యాగన్ 2013లో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిపించి ఏడు గేర్ల బాక్సుల్లో సింథటిక్ నూనె తీసి మినరల్ నూనె పోసింది. వేడి, తేమ ఉన్న వాతావరణంలో, ఆగి ఆగి సాగే ట్రాఫిక్ ఎక్కువైన చోట విద్యుత్ లోపం రావచ్చన్నది చెప్పిన కారణం. హైదరాబాద్ వేసవి, తర్వాత వచ్చే వానలు, అమీర్‌పేట ట్రాఫిక్ గుర్తుకొస్తే ఆ వర్ణన మనకోసమే రాసినట్టుంటుంది. అలాంటి గేరుబాక్సు ఉన్న సిటీ కారును సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు రిపేరు ఖర్చు ముందే విచారించుకోవాలి.

బ్రేకుల లెక్క అనుకున్నంత ఏకపక్షం కాదు. కదిలే బండిలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. టన్ను బరువున్న కారును 40 వేగం నుంచి ఆపితే బ్రేకులు మింగే శక్తి సుమారు 62 కిలోజౌళ్లు, 100 వేగం నుంచి ఆపితే 386. అంటే హైవే మీద ఒక్క గట్టి బ్రేకు, ట్రాఫిక్‌లో ఆరు బ్రేకులతో సమానం. ఔటర్ మీద అరగంటకు ఒకసారి బ్రేకు వేస్తారు, పంజాగుట్ట దాటేలోపు ముప్పై సార్లు వేస్తారు కాబట్టి చివరికి సిటీదే పైచేయి. కానీ ముందు బండికి అతుక్కుపోయి, లేన్లు మారుస్తూ, 120 నుంచి పదే పదే బ్రేకు కొట్టే హైవే డ్రైవరు ప్యాడ్లతోపాటు డిస్కులనూ పాడుచేస్తాడు.

డీజిల్ కార్ల విషయంలో 2020 తర్వాత ఆట మారింది. బీఎస్-6 డీజిల్ కార్లకు మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. నిండిన మసిని కాల్చుకోవడానికి ఆ ఫిల్టరు 600 డిగ్రీల దాకా వేడెక్కాలి, కొంతసేపు అలాగే ఉండాలి. హైవే మీద అది తనంతట తానే జరిగిపోతుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు పోయే బండిలో మొదలై మధ్యలో ఆగిపోతుంది. కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గే బదులు పెరిగి కనపడితే అనుమానించాల్సింది అందుకే. సిటీలోనే తిరిగిన బీఎస్-6 డీజిల్ కారు చవకగా వస్తోందంటే నేనైతే ముందు ఆ ఫిల్టరు గురించి అడుగుతాను. కొత్తది వేయించడం చాలా ఖర్చు.

సస్పెన్షన్‌ను ఈ చర్చలోకి లాగడం సరికాదు. బుష్‌లు, లింక్ రాడ్లు, బాల్ జాయింట్లు గోతులకు పోతాయి, ట్రాఫిక్‌కు కాదు. వాన వెలిశాక కాలనీ రోడ్లలో తిరిగిన కారుకూ, గుంతల రాష్ట్ర రహదారి మీద రోజూ ఊళ్లు తిరిగిన కారుకూ కింద నుంచి ఒకే రకం చప్పుడు వస్తుంది.

హైవేకూ తన పన్ను ఉంది. ముందు అద్దం సన్నటి ఇసుక దెబ్బలకు మసకబారుతుంది. బానెట్ ముందు అంచు రాళ్లకు పెచ్చులూడుతుంది. రేడియేటరు ముందు పురుగులు, దుమ్ము పేరుకుంటాయి. గాలి తక్కువున్న టైర్లు వేసవి మధ్యాహ్నం వేగంగా పోతే లోపలి నుంచి దెబ్బతింటాయి. చిన్న ఇంజిన్‌ను గంటల తరబడి 120 మీద తోలితే ఆయిల్ తగ్గుతుంది, మధ్యలో చూసుకోనివాడికి అది పెద్ద నష్టం. టర్బో ఉన్న బండిని వేగంగా తోలి ధాబా ముందు టక్కున ఆపేస్తే టర్బోలో నిలిచిపోయిన నూనె మాడుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, హైవే ప్రమాదం చిన్నగా ఉండదు. రంగు వేసి దాచిన పెద్ద దెబ్బ ఉందేమో చూడకుండా "హైవే బండి" అన్న మాటకు మురిసిపోకూడదు.

ఆ మాట నిజమో కాదో తేల్చడానికి ఇప్పుడు మంచి ఆధారం ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. హైదరాబాద్ నుంచి విజయవాడకు వారం వారం వెళ్లొచ్చానని చెప్పే యజమాని ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు పేర్లు తేదీలతో సహా ఉండాలి. అడిగితే ఫోన్లో చూపించడానికి రెండు నిమిషాలు పడుతుంది. చూపించడానికి తటపటాయించే అమ్మకందారు మాటను నేను నమ్మను. కొన్ని కార్ల డిస్‌ప్లేలో సగటు వేగం కనపడుతుంది. ఎప్పుడూ రీసెట్ చేయని ట్రిప్ మీటరు దొరికితే ఇంజిన్ గంటలు మీరే లెక్కగట్టవచ్చు. కొన్ని కార్ల కంప్యూటరులో ఆ గంటలు నేరుగా ఉంటాయి, మెకానిక్ దగ్గర స్కానరు ఉంటే చదివిస్తారు. మీటరు వెనక్కి తిప్పిన బండి తరచూ ఇక్కడే దొరికిపోతుంది, రీడింగ్‌కీ గంటలకీ పొంతన కుదరదు.

బండి ఒళ్లు కూడా చెబుతుంది. 40,000 రీడింగ్ ఉన్న కారులో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, గేర్ నాబ్ మెరుస్తూ, డ్రైవరు సీటు అంచు ఎక్కీ దిగీ నలిగిపోయి ఉంటే ఆ కిలోమీటర్లు ట్రాఫిక్‌లోవి, లేదా ఆ రీడింగ్ అబద్ధం. లక్ష రీడింగ్ ఉన్నా పెడళ్లు, సీటు గట్టిగా ఉండి, అద్దం మీద సాయంత్రపు ఎండలో సన్నటి చుక్కలు కనపడితే హైవే మాటకు బలం వస్తుంది. ఆయిల్ మూత తీసినప్పుడు లోపల మజ్జిగ రంగులో నురగ అంటుకుని ఉంటే, అది ఎక్కువగా చిన్న ప్రయాణాల చెమ్మ. కూలెంట్ లీకు కూడా కావచ్చు కాబట్టి మెకానిక్‌తో చూపించాలి.

ఇదంతా ధరలోకి ఎలా మారాలి? సర్వీసు రికార్డు పూర్తిగా ఉండి, ఫాస్టాగ్ సాక్ష్యం ఉన్న నాలుగేళ్ల, 90,000 కిలోమీటర్ల పెట్రోలు కారును నేను అదే వయసున్న 35,000 కిలోమీటర్ల చిన్న ప్రయాణాల కారు కంటే ముందు చూస్తాను. ధర కూడా తక్కువే ఉంటుంది. మిగిలిన డబ్బులో కొంత టైర్లకు, షాక్ అబ్జార్బర్లకు, పుస్తకం ప్రకారం లక్ష దగ్గర చేయించాల్సిన పనులకు తీసిపెట్టాలి. ట్రాఫిక్‌లో నలిగిన కారైనా, దూరాలు పోయి, ఆయిల్ వేళకు మార్చినదైతే భయపడక్కర్లేదు. క్లచ్ ఖర్చు బేరంలో తగ్గించుకుంటే చాలు, క్లచ్ మార్చవచ్చు. నూనె పట్టించుకోని ఇంజిన్‌ను మాత్రం ఆ ధరలో ఎవరూ బాగుచేసి ఇవ్వలేరు. సర్వీసు రికార్డు లేని కారుకు హైవే అన్నా, ఎన్నారై అన్నా నేను ఒకే ధర కడతాను.

హైబ్రిడ్లు, ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ తూకమే తిరగబడుతోంది. వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో ప్యాడ్లు పెద్దగా అరగవు. ఎలక్ట్రిక్ కారులో అరగడానికి క్లచ్ లేదు, ఐడిలింగ్ లేదు, చల్లటి నూనె బెడద లేదు. ఇంటి దగ్గర నెమ్మదిగా చార్జ్ చేసుకుని రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే సిటీ వాడకమే దానికి హాయి. హైవే మీద వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరిగి చార్జ్ త్వరగా అయిపోతుంది. దారిలో ఫాస్ట్ చార్జింగ్ పెట్టాల్సి వస్తుంది, మండే ఎండలో పదే పదే చేసే ఫాస్ట్ చార్జింగ్ బ్యాటరీని వేడెక్కించి వయసు పెంచుతుంది. 2020లో వచ్చిన నెక్సాన్ ఈవీకి బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆ తొలి కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బజారులో ఉన్నాయి. వాటిని చూడబోయేవాళ్లు అడగాల్సింది బ్యాటరీ ఆరోగ్య నివేదిక, ఫాస్ట్ చార్జింగ్ ఎంత తరచుగా పెట్టారన్న లెక్క, వారంటీ కొత్త యజమాని పేరుకు మారుతుందా అన్న రాతపూర్వక జవాబు. అక్కడ "అన్నీ హైవే కిలోమీటర్లేనండీ" అని ఎవరైనా అంటే ధర తగ్గించమని అడగాలి.